నిలబడే బండికి పుత్తూరు కట్టు

మద్రాసు నించి మినీలారీలో వచ్చింది,
గోనెపట్టలు కప్పుకోని, సంతలో కొన్న దూడ మాదిరి.
చెంగల్రాయులు తాడిప్పినాడు.
సీటు లేదు. ఎవురో పీక్కున్నారని అనుకుంటిని.
"దీనికి సీటే ఉండదబ్బా. నిలబడి తోలాల."

నాది పుత్తూరు. ఫైబరు పని.
పగిలిన నీళ్ళ ట్యాంకులు, ఆటో బంపర్లు,
ఒక తూరి జాతరలో విరిగిన సింహం తోక కూడా
అతికించి ఉండా.
నీళ్ళ మింద పరిగెత్తేదాన్ని మాత్రం
అంతకు ముందు చెయ్యేసి చూసింది లేదు.

ఆ కార్తీకానికి అరణియారు నిండుండాది.
పిచ్చాటూరు కట్ట మింద జనం, బొరుగుల పొట్లాలు.
చెంగల్రాయులు ఎక్కినాడు, పడినాడు.
మళ్ళా ఎక్కినాడు.
బండి ముందుకు పొయ్యింది, ఆయన వెనక్కి పొయినాడు.
వాళ్ళక్క కూతురు దేశమ్మ
వలలు లాగి కాసిన చేతులతో
జాకెట్టు బకిల్ పెట్టుకునింది:
"మామా, నువ్వు గట్టుకు పో."

మోకాళ్ళ మింద మొదలు పెట్టింది. వేగం అందుకోని
ఒక కాలు, ఇంకో కాలు.
లేచి నిలబడింది!
కట్ట మింద ఎవురో ఈలేసినారు.
మలుపులో వేగం తగ్గించిందో లేదో
ఎడమకు వాలింది.
ఎన్నిసార్లెక్కినా ఎడమకే.
ఆరోసారి ఎడమ చెయ్యి హ్యాండిల్ సందులో ఇరుక్కునింది.

నా బండి మిందే తీసకపోతిని.
నారాయణవనం దారిలో ప్రతి గతుక్కీ
"అమ్మా" అనకుండా పండ్లు కొరుక్కునింది.
కట్టు కట్టే ముసలాయన
గుడ్డుసొనలో గుడ్డ ముంచినాడు,
మణికట్టుకు రెండు పక్కలా
వెదురుబద్దలు పెట్టినాడు.
"ఎముకను నేనేం అతికించను తల్లీ,
అదే అతుక్కుంటాది.
అది పక్కకు పోకుండా
ఇద్దరు కాపలావాళ్ళను పెడతా ఉండా, అంతే."

ఆ రేత్రి నాకు నిద్ర పట్టలా.
రెండు పక్కలా. బద్దలు.

పొద్దున్నే బండిని బోర్లా వేసి
పుచ్చకాయను కొట్టినట్టు వేలితో కొట్టి చూస్తిని.
కుడి పక్క టకటక.
ఎడమ పక్క దబ్.
కోస్తే, లోపలి స్పాంజి నీళ్ళు తాగి ఉబ్బిపొయ్యుండాది.
పిండితే బకెట్టున్నర. నాలిక మింద పెట్టుకుంటి. ఉప్పు!
అరణియారు నీళ్ళు చప్పన గదా.
మద్రాసు సముద్రాన్ని ఎడమ చంకలో పెట్టుకోని
ఇంత దూరం వచ్చుండాది పాపం.
దేశమ్మను మేం అన్న మాటలన్నీ గుర్తుకొచ్చె,
బెదురుతాదనీ, బరువు తప్పుతాదనీ.

స్పాంజి మార్చినా. వెనక భాగాన
రెండు పక్కలా ఫైబరు రెక్కలు, బెత్తెడు వెడల్పు.
మొదట శానా కిందికి పెట్టేసినా,
మలుపులో నీళ్ళను పట్టుకోని వదల్లేదంట.
ఈ మాట చెప్పింది చెంగల్రాయులు, తడిసిన మీసంతో.
రెండేళ్ళు పైకి జరిపినా.
హ్యాండిల్ కాడ ఎవురో పొడుగాటి దొరకు చేసింది,
నాలుగేళ్ళు కోసి దేశమ్మ ఎత్తుకు దించినా.
కాళ్ళు జారకుండా పాడావుల కింద పరిచే రబ్బరు చాప,
మడమలకు పాత జీపు సీటుబెల్టు.
కూలెంత అని అడిగినాడు. తర్వాత చూద్దాంలే అంటి.

కట్టిప్పిన తొమ్మిదో దినం
వాళ్ళ నాయన వద్దంటానే పడవ దగ్గర నిలబడుండాడు.
దేశమ్మ పొయ్యింది.
బరువు వెనక్కేస్తే ముక్కు లేచింది,
ముందుకు వంగితే మలుపు తిరిగింది,
తన వలల బెండ్ల చుట్టూ
ఒక్క బెండునీ కదిలించకుండా చుట్టేసి వచ్చింది.

గట్టు దగ్గర ఇంజను ఆపితే
ఊగి, కొంచెం సేపు ఓర్చుకోని, దొర్లింది. ఈసారి కుడికి.
నడుం లోతు నీళ్ళల్లో లేచి నవ్వతా ఉండాది.
"ఆగితే నిలబడదా ఇది?"
"దానికి నా దగ్గర మందు లేదు మే."
"పోనీలే. కుడి రెక్క మాత్రం
నూలుపోగంత ఎక్కువుండాది. గీకాల."

రెక్క చూపించిన మణికట్టు మింద
కట్టున్న మేర చర్మం ఇంకా తెల్లగానే ఉండాది.
సంచిలో ఆకురాయి కోసం వెతుకుతా ఉంటే
ఎండలో కండ్లకు నీళ్ళు తగిలినాయి.